సామర్లకోట చిన్నత్తయ్యగారి వేషం

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇది చదివాక మీరిద్దరూ అమ్మమ్మకి చాదస్తం ముదిరిందని నవ్వుకుంటారు. మా పుట్టింట్లో చీకటి కొట్లోంచి బెల్లం తేవాలంటే నలుగురు పిల్లల్లో నన్నే పంపేవారు. అలాంటిదాన్ని.

మొన్న ఫోనులో చిన్నది అడిగింది. స్కూల్లో రూపాలు మార్చుకునేవాళ్ల కథలు చెప్తున్నారట. ఎక్కడో చలిదేశంలో సముద్రంలోంచి సీల్ అనే జంతువు వచ్చి తోలు విప్పేస్తే ఆడమనిషట. జపానులో నక్క పెళ్లాంలా వచ్చి కాపురం చేస్తుందట. మన దగ్గర ఉన్నాయా అమ్మమ్మా, అంది. లేకేం? బంగారు లేడిగా వచ్చిన రాక్షసుడున్నాడు, అమృతం పంచడానికి ఆడరూపం ఎత్తిన దేవుడున్నాడు.

ఫోను పెట్టేశాక ఆలోచించాను. చాలా కథల్లో ఎవరో ఒకర్ని మోసం చెయ్యడానికే రూపం మారుస్తారు. నేను చూసినదానికీ మోసమే మొదలు. ఆ మోసం చేయించింది నేనే. అందుకే మీ అమ్మకి కూడా ఇన్నాళ్లూ పూర్తిగా చెప్పలేదు.

డెబ్బైల చివర్లో మేము ధవళేశ్వరంలో ఉండేవాళ్లం. మీ తాతయ్య అక్కడ కాలవల ఆఫీసులో గుమస్తా. రెండు గదులు, వంటిల్లు, వెనక చిన్న పెరడు, ఆ పెరటి గుమ్మం సందులోకి. ఇంట్లో మేమిద్దరం, మా అత్తయ్యగారు. మీ అమ్మ ఇంకా పుట్టలేదు.

అత్తయ్యగారికి ఒక్కతే చెల్లెలు, సుందరమ్మగారు. సామర్లకోటలో ఉండేవారు. మీ తాతయ్య చిన్నప్పుడు రెండేళ్లు వాళ్లింట్లో ఉండే చదువుకున్నారు. నేను ఆవిణ్ణి చూసింది ఒక్కసారే, నా పెళ్లిచూపులకి అక్కతో కలిసి వచ్చినప్పుడు. ఆ తర్వాత అక్కచెల్లెళ్లకి మాటల్లేవు. కారణం నా పెళ్లి.

మా మామగారు పోయిన ఏడాదిలోనే మా పెళ్లి జరిగింది. మనలో దగ్గర చుట్టాల్ని శుభలేఖ ఇచ్చి వదిలెయ్యరు. ఇంటికి వెళ్లి, బొట్టు పెట్టి పిలవాలి. అత్తయ్యగారు బొట్టు తీసేసిన మనిషి, ఆవిడ పెట్టకూడదనేవారు ఆ రోజుల్లో. అందుకని మీ తాతయ్య మేనత్త ఊరూరూ తిరిగి అందర్నీ పిలిచింది. సామర్లకోట వెళ్లాల్సిన రోజుకి ఆవిడకి జ్వరం తగిలింది. ముహూర్తం దగ్గరపడింది. చివరికి సొంత చెల్లెలికి శుభలేఖ పోస్టులో వెళ్లింది.

సుందరమ్మగారు పెళ్లికి రాలేదు. నాలుగేళ్లపాటు ఇటునించి ఒక ఉత్తరం లేదు, అటునించి ఒక కబురు లేదు. ఒకరోజు పోస్టుమాన్ కార్డు ఇచ్చి వెళ్లాడు. సుందరమ్మగారు పోయారని, పదిరోజులూ అయిపోయాయని అందులో ఉంది. అత్తయ్యగారు చదివించుకుని విన్నారు. ఏడవలేదు.

"కార్డుకి కార్డు. సరిపోయింది," అన్నారంతే.

ఆ పూట నించి మంచం దిగలేదు. పల్చటి మజ్జిగ తప్ప ఏదీ గొంతు దిగేది కాదు. డాక్టరుగారు వచ్చి చూసి, జబ్బేమీ లేదమ్మా, మనిషికి బతకాలని ఉండాలిగా, అన్నారు. మూడు వారాలకి చేతికున్న ఒంటి బంగారు గాజు మోచెయ్యి దాకా జారడం మొదలెట్టింది. మీ తాతయ్య రోజూ ఆఫీసుకి వెళ్లేముందు మంచం పక్కన నిలబడి, చెప్పులు తొడుక్కుని, మళ్లీ విప్పేసి లోపలికొచ్చి ఇంకోసారి చూసి వెళ్లేవారు. నా మటుకు నాకు, నా పెళ్లి వల్లే కదా ఇదంతా అని లోపల పీకుతూ ఉండేది.

సరిగ్గా అప్పుడే మా ఊళ్లోకి పగటి వేషాలవాళ్లు దిగారు. మీరు చూసి ఉండరు. నెలరోజులు ఒక ఊళ్లో మకాం పెట్టి, రోజుకో వేషం కట్టుకుని పట్టపగలే ఇంటింటికీ వస్తారు. వచ్చింది వేషమని మనం పోల్చుకోలేకపోతే వాళ్ల గొప్ప. ఆఖరి రోజున మాత్రం రంగు లేకుండా సొంత మొహంతో వస్తారు. అప్పుడు బియ్యమో బట్టలో ఇచ్చి పంపాలి.

వాళ్లలో పెద్దాయన పేరు సూరన్న. యాభై ఏళ్లుంటాయి, బక్కపల్చటి మనిషి. అప్పట్లో ఇంట్లో రేడియో ఉంటే దానికి లైసెన్సు ఉండాలి. ఒకరోజు ఆ లైసెన్సు చూసే ఇన్స్పెక్టరై వచ్చాడు. మాకు లైసెన్సు ఉంది, కానీ కాగితం ఎక్కడ పెట్టారో మీ తాతయ్యకి గుర్తులేదు. ట్రంకుపెట్టె మొత్తం బోర్లించి, "ఒక్క నిమిషం కూర్చోండి సార్, కాఫీ తీసుకుంటారా సార్," అని చెమటలు కక్కుతుంటే ఆయన కాఫీ తాగేసి, గ్లాసు పక్కన పెట్టి, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. సందులోవాళ్లు వారంరోజులు మీ తాతయ్యని "ఏమండీ, లైసెన్సు దొరికిందా?" అని అడుగుతూనే ఉన్నారు.

ఇంకోరోజు అర్ధనారీశ్వర వేషం కట్టాడు. మొహంలో సగం శివుడు, సగం పార్వతి. మధ్యలో ఒక గుడ్డ అడ్డం. ఇటు తిరిగితే మగాడు, అటు తిరిగితే ఆడది. ఆ పార్వతి వైపు నేను గుమ్మంలో నిలబడి చూశాను. రంగు పూసిన మగాడిలా లేదు. చూపు దగ్గర్నించి ఆడమనిషే.

అప్పుడే నాకా ఆలోచన వచ్చింది.

వేషం ముగించి పెరట్లో మంచినీళ్లు తాగుతుంటే అడిగాను. మా చిన్నత్తయ్యగారి వేషం కట్టి ఒక్కసారి మా అత్తయ్యగారికి కనిపించగలరా అని. మధ్యాహ్నం మగతలో ఉంటారు, గదిలో వెలుతురు తక్కువ, కల అనుకుంటారు, చెల్లెలు కల్లోకొచ్చిందని కాస్త మనసు కుదుటపడుతుంది, అని చెప్పాను. ఆయన చెంబు కింద పెట్టేశాడు.

"దేవుళ్లని కడతామండి, దొంగల్ని కడతామండి. పోయినోళ్లని కట్టకూడదమ్మగారూ. మా నాన్న నా చేత ఒట్టు వేయించుకున్నాడు," అన్నాడు.

నేను ఇంక బతిమాలలేదు. రెండురోజుల తర్వాత ఆయనే పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పెద్దమ్మగారు ఏమైనా తిన్నారా, అని అడిగాడు. లేదన్నాను. అయితే చిన్నత్తయ్యగారి నడక ఎలా ఉండేదో చెప్పమన్నాడు.

నాకు తెలిసినవి నాలుగే. మనిషి పొట్టి. ఎప్పుడూ ఆకుపచ్చ నేత చీర. అక్కని "అక్కాయ్" అని పిలిచేవారని మీ తాతయ్య అంటుండగా విన్నాను. నడిస్తే కుడికాలు కొంచెం కుంటు, అది నేను పెళ్లిచూపులనాడు చూసిందే. ఇవి చెప్పాను. శుభలేఖ గొడవ చెప్పలేదు. ఇంటి గుట్టు బయటివాళ్లకి ఎందుకని.

సూరన్న ఒక షరతు పెట్టాడు. నోరు విప్పనన్నాడు. మాట్లాడితే దొరికిపోతానని. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, లేచి వచ్చేస్తాను, అంతే అన్నాడు. మీ తాతయ్యకి నేనేమీ చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి సందు వైపునించి వచ్చాడు. వేషం బాగానే ఉంది, కానీ నాకది వేషమని తెలుస్తూనే ఉంది. చెవుల దగ్గర పూత చెమటకి కరిగింది. చీర అంచు కింద పాదాలు మరీ పెద్దవి. కుడికాలు కుంటుతూ అత్తయ్యగారి గదిలోకి వెళ్లాడు. నేను వంటింటి గోడకి ఆనుకుని నిలబడ్డాను. గుమ్మానికి కర్టెన్ ఉంది. లోపల కనిపించదు, వినిపిస్తుంది.

మంచం కిర్రుమన్న చప్పుడొక్కటి. తర్వాత గొంతు వినిపించింది. ఆడగొంతు, కొంచెం బొంగురు. నేను అదివరకు ఎరగని గొంతు.

"అక్కాయ్. నువ్వొచ్చావు కదే. మా వీధి చివర పిండిమర దగ్గర నిలబడ్డావు. మేడమీద వడియాలు పెడుతున్నాను, చూశాను."

నాకు ఒళ్లు మండిపోయింది. మాట్లాడనన్నవాడు మాట్లాడటమే కాక, లేనిపోని కథ అల్లుతున్నాడు. అత్తయ్యగారు సామర్లకోట వెళ్లనే లేదాయె. ఇప్పుడు పట్టుబడతాడు, ఆవిడ ప్రాణం ఇంకా కుంగిపోతుంది అని కర్టెన్ మీద చెయ్యి వేశాను. ఆ గొంతు ఆగలేదు.

"నువ్వు వెనక్కి తిరిగావు. పిలుద్దామని నోటిదాకా వచ్చింది. పెద్దది తనే రావాలి గదాని ఊరుకున్నాను. నేనొక్క కేక వేసుంటే వచ్చేదానివి."

అప్పుడు అత్తయ్యగారి మాట వినబడింది. మంచం పట్టాక అంత స్పష్టంగా మాట్లాడలేదావిడ.

"బొట్టు పెట్టే చెయ్యి కాదే నాది. శుభమా అని పెళ్లి పెట్టుకుని, ఈ మొహంతో నీ గుమ్మంలో ఎలా నిలబడను?"

"బొట్టెవరడిగారే? నువ్వొస్తే చాలదూ."

అత్తయ్యగారు ఏడ్చారు. చెల్లెలు పోయిందని తెలిశాక అదే మొదటిసారి. నేను కర్టెన్ వదిలేసి వెనక్కి వచ్చేశాను. అక్కడ నిలబడటం నాకే తప్పనిపించింది.

కాసేపటికి ఆ మనిషి బయటికొచ్చి, నా వైపు చూడకుండా, నన్ను దాటుకుని పెరట్లోకి వెళ్లి ఎండలో నిలబడింది. నేను వెనకే వెళ్లాను. ఎందుకు మాట్లాడారు అని అడగబోతున్నాను. ఆ మనిషి ఒక్కసారి ఉలిక్కిపడి, నా వైపు తిరిగి, సూరన్న గొంతుతో అడిగాడు.

"నిద్రపోతున్నారా అమ్మగారూ? వెళ్లమంటారా లోపలికి?"

వెళ్లొచ్చారు కదండీ, అన్నాను. ఆయన నా మొహంలోకి చూశాడు. వేళాకోళం కాదని నాకు తెలుసు. అంత భయం నేను ఏ వేషంలోనూ చూడలేదు. కొంగుతో మొహం మీది పూత రుద్దేసుకుంటూ సందులోకి నడిచి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అత్తయ్యగారు చారన్నం అడిగారు. ఎక్కువ కాదు, నాలుగు ముద్దలు. మర్నాడు పొద్దున్న గోడ పట్టుకుని పెరట్లోకి వచ్చి కూర్చున్నారు. మీ తాతయ్య ఆ రోజు ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లారు.

నెలాఖరున సూరన్న సొంత మొహంతో వచ్చాడు. బియ్యం తీసుకున్నాడు. తాతయ్య పంచె ఒకటి ఇవ్వబోతే వద్దన్నాడు. ఆ రోజుది నా పని కాదండి, అన్నాడు. పెరటి గుమ్మం దాటడం గుర్తుందట. తర్వాత ఎండలో నిలబడి ఉన్నాడట. మధ్యలో ఏమీ లేదట. లోపల ఏం జరిగిందో చెప్పబోతే చేతులు అడ్డంపెట్టి, వద్దమ్మగారూ అన్నాడు. మళ్లీ ఎప్పుడూ మా ఊరు రాలేదు.

వేషాలవాళ్లు ఇంటి కబుర్లన్నీ చాకలినీ పాలవాణ్ణీ అడిగి కూపీ లాగుతారని నాకూ తెలుసు. అలాగే ఏదో విని ఉంటాడని సర్దిచెప్పుకున్నాను. రెండేళ్లు అలాగే గడిపేశాను.

మీ అమ్మ పుట్టి, అన్నప్రాసన పెట్టుకున్నప్పుడు, అత్తయ్యగారు పిలుపులకి తనే వెళ్తానన్నారు. ఎవరేమనుకున్నా సరే, ఇంటింటి గుమ్మంలోనూ నిలబడి నోటితో పిలుస్తానన్నారు. మొదటి పిలుపు సామర్లకోట, చెల్లెలి కోడలికి. నన్నూ రమ్మన్నారు. బయల్దేరే ముందురోజు నాకు మనసాగలేదు. పప్పు ఏరుతూ అంతా చెప్పేసి, క్షమించమని అడిగాను.

ఆవిడ చేట పక్కన పెట్టలేదు. ఏరుతూనే ఉన్నారు.

"తెలుసు లేవే. సుందరికి కుంటు ఎడమకాలు. వాడు కుడికాలు కుంటుతూ వచ్చాడు. నీ తెలివికి నవ్వొచ్చింది కూడాను. పోనీ పాపం, నా కోసం ఇంత అవస్థ పడిందని కళ్లు మూసుకుని పడుకున్నాను."

మరి, అన్నాను. ఆవిడ చేతులు ఆగాయి.

"వెళ్లేటప్పుడు ఎడమకాలు కుంటుతూ వెళ్లింది."

తర్వాత చెప్పారు. మా పెళ్లికి పదిరోజుల ముందు, భీమేశ్వరస్వామి గుడికని ఇంట్లో చెప్పి, ఒక్కరే సామర్లకోట వెళ్లారట. చెల్లెలి వీధి చివర పిండిమర దాకా వెళ్లి, అడుగు పడక తిరిగొచ్చేశారట. శుభలేఖ ఆ మర్నాడు పోస్టు చేశారు. ఆ సంగతి కన్నకొడుక్కి కూడా చెప్పలేదు. చెల్లెలు మేడమీంచి చూసిందని ఆవిడకే తెలీదు. తెలిసున్న మనిషి అప్పటికే పోయింది. తాతయ్యని అడిగితే, పిన్నికి ఎడమకాలే, నీకు కుడి అని ఎవరు చెప్పారు, అన్నారు.

మర్నాడు పాసెంజరులో సామర్లకోట వెళ్లాం, మీ అమ్మని ఎత్తుకుని. అత్తయ్యగారు ఎక్కడా ఆగలేదు. తిన్నగా వెళ్లి ఆ గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, మా మనవరాలికి అన్నం ముట్టిస్తున్నాం, రావాలమ్మా," అన్నారు. ఆ కోడలు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "బయటే నిలబడ్డారేంటి పెద్దత్తయ్యా, లోపలికి రండి," అని చంటిదాన్ని అందుకుంది. ఆవిడ లోపలికి వెళ్లారు. నేను గుమ్మం బయట నిలబడి కళ్లు తుడుచుకున్నాను.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికారావిడ. నాకు దెయ్యాల మీద ఇప్పటికీ నమ్మకం లేదు. ఆ గదిలోకి వెళ్లింది సూరన్న, పెరట్లోంచి వెళ్లిపోయింది సూరన్న. ఈ రెండూ నేను ఎవరి ముందైనా చెప్పగలను. మధ్యలో ఆ మాటలన్నది ఎవరంటే మాత్రం, ఇన్నేళ్లయినా నా దగ్గర జవాబు లేదు తల్లీ.