స్టీరింగ్ పట్టుకుంటేనే మాట్లాడే మనిషి

మా ఆయన ట్యాక్సీ ఎక్కినవాళ్ళు ఆయన్ని రేడియో అనేవాళ్ళు. ఎక్కింది మొదలు దిగేదాకా ఆపకుండా కబుర్లేనట. ఆ మాట మొదటిసారి చెవిన పడ్డప్పుడు నేను నమ్మలేదు. మా ఇంట్లో ఆ రేడియోకి కరెంటే ఉండేది కాదు మరి. కంచంలో పెట్టింది తినేవారు, గ్లాసులో పోసింది తాగేవారు, "ఉప్పు సరిపోయిందా?" అంటే తల ఊపేవారు. పెళ్ళయిన కొత్తలో నేనంటే ఇష్టం లేదేమోనని దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను కూడా.

ఓసారి డ్యూటీ దిగాక నన్ను మా అక్క ఇంట్లో దింపడానికి కార్లో ఎక్కించుకున్నారు. వీధి మలుపు తిరిగామో లేదో, మొదలుపెట్టారు. పొద్దున ఎక్కిన పెద్దాయన కట్టుడు పళ్ళు వెనకసీట్లో మర్చిపోయి దిగడం, ఆ తర్వాత ఎక్కినావిడ వాటి మీద కూర్చుని కెవ్వుమనడం, ఆ పళ్ళు పట్టుకుని ఈయన ఆ పెద్దాయన కోసం వీధివీధీ తిరగడం. నవ్వలేక చచ్చాను. అక్క ఇల్లు దాటిపోయినా చెప్పకుండా కూర్చున్నాను. సిగ్నల్ దగ్గర బండి ఆగితే మాట కూడా టక్కున ఆగిపోయేది. పచ్చలైటు పడగానే ఆపిన ముక్క దగ్గర్నుంచే అందుకునేవారు. చేతుల్లో స్టీరింగ్ తిరుగుతుంటే తప్ప నోరు తెరుచుకోని మనిషిని కట్టుకున్నానని ఆ రోజు తెలిసింది.

అప్పట్నుంచి మా కాపురమంతా కార్లోనే జరిగింది. అద్దె ఇల్లు మారాలన్నా, మా అత్తగారితో నాకొచ్చిన తగువు తేలాలన్నా, "కాస్త అలా తిప్పండి" అనేదాన్ని. ఇక పిల్లలు పుట్టరని డాక్టరు చెప్పిన రోజు ఆసుపత్రి వరండాలో ఆయన పెదవి విప్పలేదు. నాకు కడుపు మండిపోయింది. కారు వంతెన దాటాక, ఎదురుగా వస్తున్న లారీకి దారిచ్చి, "నాకు నువ్వుంటే చాలే" అన్నారు. ఆ ఒక్క మాట మీద ఎన్నో ఏళ్ళు బతికాను.

తర్వాత ఆయన కళ్ళకి నీటికాసులొచ్చాయి. నొప్పీ పాడూ లేకుండా దొంగలా వచ్చే జబ్బు. మొదట పక్కల చూపు పోయింది. మధ్యలో మిగిలిన ఆ కాస్తా కొన్నాళ్ళు ఉండి, అదీ పోయింది. కారు అమ్మేశాం. కొన్నవాడు తీసుకెళ్తుంటే గుమ్మంలో నిలబడి, ఆ చప్పుడు వీధి చివర కలిసిపోయేదాకా విన్నారు. అదే ఆఖరు. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు.

నేను చెయ్యని ప్రయత్నం లేదు. బతిమాలాను, తిట్టాను, అలిగాను. మొహం చూడలేని మనిషి మీద అలగడమంత దండగ పని ఇంకోటి లేదు. "అలిగానండీ" అని నేనే చెప్పుకోవాల్సొచ్చింది! ఓ రోజు చిర్రెత్తుకొచ్చి వంటింట్లోంచి పెద్ద గిన్నె మూత తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాను. "ఇదిగో స్టీరింగ్. ఇప్పుడన్నా మాట్లాడండి" అన్నాను. దాన్ని రెండు చేతులతో పట్టుకుని కాసేపు కూర్చున్నారు. తర్వాత చప్పుడు కాకుండా పక్కన పెట్టేశారు. ఎందుకు ఆ పని చేశానా అని నా నోరూ నా చేతులూ రెండింటినీ తిట్టుకున్నాను. ఆయన మాట కోసం నేను మొహం వాచిపోయి ఉన్నాను, అంతే.

మా తమ్ముడికి గేమింగ్ షాపు ఉంది. చెప్పుల దుకాణం పైన పొడుగాటి గది. కిటికీలకి నల్లటి కర్టెన్లు, ఇనప చట్రాలకి బిగించిన సీట్లు, ప్రతి సీటు ముందూ ఓ స్క్రీను, ఓ స్టీరింగ్, కింద పెడల్స్. "బావని నా దగ్గరికి పంపక్కా, నాలుగ్గోడల మధ్య మగ్గిపోతున్నాడు" అన్నాడు వాడు. నేను ఒంటికాలి మీద లేచాను.

"చూపు లేని మనిషిని కారు ఆటకి పిలుస్తావా? బుర్ర ఉందా నీకు?"

"ఆడకపోతే మానె. ఊరికే కూర్చుంటాడు. నీ మొహం... అదే, నీ గొంతు ఒక్కటే వింటూ ఎన్నాళ్ళుంటాడు చెప్పు?"

వాడి నెత్తిన ఒకటి మొట్టి, ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. ఆయన సీటు తడిమి చూసి, "నిజం కారు సీటే" అన్నారు. మూడు మాటలు! నేను తమ్ముడి వైపు తిరిగి కళ్ళెగరేశాను.

కానీ ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. ముందు కూర్చోబెట్టిన స్టీరింగ్‌లో ఉన్నది ఉత్త స్ప్రింగు. ఎటు తిప్పినా ఒకటే బరువు, వదిలితే మధ్యకి వచ్చేస్తుంది. బండి రోడ్డు మీదున్నా, గడ్డిలోకి దిగినా, గోడకి గుద్దుకున్నా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఆయన కాసేపు తిప్పి చేతులు తీసేశారు.

"ఇది చచ్చిపోయిందిరా," అన్నారు.

తమ్ముడు తల గోక్కుని ఆయన్ని మూలనున్న ఇంకో సీటుకి మార్చాడు. అది ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ స్టీరింగట. లోపల మోటారు ఉంటుంది. ఆటలో టైర్లకి ఏం జరుగుతోందో లెక్కగట్టి, దానికి తగ్గ బలంతో చేతుల్ని లాగుతుంది, తోస్తుంది. వాడు ఇంజను స్టార్ట్ చేశాడు. స్టీరింగ్ సన్నగా వణికింది. ఆయన గేరు వెయ్యలేదు, పెడల్ తొక్కలేదు. ఆ వణుకు మీద చేతులానించి అలా కూర్చుండిపోయారు. మొహంలో ఎన్నాళ్ళనించో లేని కళ. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, నాకు ఆ చక్రం మీద కుళ్ళు పుట్టింది. నేను చెయ్యలేని పని ఓ మోటారు ముక్క చేసింది మరి.

ఇక రోజూ అదే పని. పొద్దున నేను దింపితే, సాయంత్రం తమ్ముడు ఇంటికి తెచ్చేవాడు. వీలున్నప్పుడు వెనక బెంచీ మీద కూర్చుని చూసేదాన్ని. బండి కుడిచక్రాలు గడ్డిలోకి దిగితే స్టీరింగ్ కుడికి గుంజుతుంది. రోడ్డు అంచున గరుకు పట్టీ ఎక్కితే గరగరమంటుంది. మలుపులో బరువెక్కుతుంది, ముందు టైర్లు జారబోతుంటే ఉన్నట్టుండి తేలికైపోతుంది. వంతెన కిందకి వస్తే ఇంజను మోత మారుతుంది. ఏ మలుపు తర్వాత ఏ మలుపో ఆయన కంఠతా పట్టారు. అయినా గుద్దుకునేవారు. గుద్దుకుని, వెనక్కొచ్చి, మళ్ళీ బయల్దేరేవారు. కానీ నాతో మాట మాత్రం లేదు. పళ్ళు బిగించి ఆ రోడ్డుతో కుస్తీ పడుతుంటే మాటలెక్కడ్నుంచి వస్తాయి?

ఓ సాయంత్రం మెట్లు దిగుతూ ఆయనే అన్నారు.

"ఒక్క రౌండు. ఎవరూ ఎటు తిప్పాలో చెప్పకుండా. అది చాలు నాకు."

ఆ షాపుకి పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ వచ్చేది, క్లినిక్ మూసి నేరుగా. ఆవిడకీ మా తమ్ముడికీ ఎప్పుడూ ఒకటే గొడవ. "ఈ తోపులాట స్టీరింగ్ వల్ల నా మణికట్లు పోవడం తప్ప ఒరిగిందేమీ లేదు, చేతిలో పట్టుకునే రిమోటుతోనే నేను ఫాస్టు" అని ఆవిడ. "అలవాటు పడితే బండి జారబోయే ముందే తెలుస్తుంది మేడమ్, అప్పుడు చూడండి" అని వీడు. టైము చూస్తే ఎప్పుడూ ఆవిడదే గెలుపు. తీర్పు చెప్పమని మా ఆయన్ని అడిగింది.

"ఫాస్టు సంగతి నాకెందుకమ్మా. నేనింకా ఇంటికే చేరలేదు," అన్నారు. డాక్టరమ్మ నవ్వబోయి ఆగిపోయింది.

ఆ మాటకే కాబోలు మా తమ్ముడి మనసు కరిగింది. మర్నాడు సాయంత్రం ఆయన మొదటి మలుపు తిరిగారు, రెండోదీ తిరిగారు. గడ్డి లేదు, గోడ లేదు. చివరి మలుపు కూడా తిరిగి బండి గీత దాటింది. అందరం గోల గోల చేశాం, డాక్టరమ్మైతే ఈల కూడా వేసింది. నేను పరుగెత్తుకెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే, ఆయన మొహం మాడిపోయి ఉంది.

"చివరి మలుపులో నేను చేతులు వదిలేశాను," అన్నారు. "అది దానంతటదే తిరిగింది. ఎవర్రా నడిపింది?"

తమ్ముడు నీళ్ళు నమిలాడు. "ఆటలోనే ఉంటుంది బావా... కొంచెం సాయం. అదే తిప్పుతుంది. నువ్వు సంతోషిస్తావని..."

"చేతులు పట్టుకుని తిప్పితే నేను డ్రైవర్ని కాదు, ప్యాసింజర్ని కూడా కాదు. డిక్కీలో సామాన్ని."

లేచి, సీట్లు తడుముకుంటూ తలుపు దాకా ఒక్కరే వెళ్ళారు. ఆ తర్వాత షాపు పేరెత్తనివ్వలేదు. చెవుల తుప్పు వదిలేలా తమ్ముణ్ణి తిట్టాను గానీ, వాడు మాత్రం ఏం చేశాడు? బావ గెలవాలనుకున్నాడు. నాకు మళ్ళీ ఆ గోడ లాంటి మౌనం మిగిలింది. ఈసారి నేనూ ఓపిక పట్టలేకపోయాను.

"పదండి," అన్నాను ఓ పొద్దున. "షాపు ఇంకా తెరవలేదు, తమ్ముడు తప్ప ఎవరూ ఉండరు. ఈసారి నేను మీ పక్కనే కూర్చుంటాను. ఎవడైనా వేలు పెడితే ఆ వేలు విరుస్తాను."

ఏమనుకున్నారో, చొక్కా మార్చుకున్నారు.

తమ్ముడు ఆ సాయాలన్నీ తీసేశాడు. నా మీద ఒట్టు వేయించుకుని మరీ వాణ్ణి వెనక బెంచీ మీద కూర్చోబెట్టాను. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాక్కుని ఆయన పక్కన, మోచేతులు తగిలేంత దగ్గరగా కూర్చున్నాను. ఇన్నాళ్ళూ వెనక బెంచీ మీద ఉండి చూశానే గానీ, పక్కన కూర్చోవాలని నా మట్టిబుర్రకి తట్టనే లేదు.

బయల్దేరారు. సైకిలువాడు కూడా దాటిపోయేంత నెమ్మది. వంతెన మోత వచ్చింది, పోయింది. స్టీరింగ్ బరువెక్కడం ఆయన ముంజేతుల్లో నాకు కనిపించింది. అంచు పట్టీ గరగరమంది. ఆయన కాస్త ఇటు లాగారు.

"ఈ రోడ్డేసిన కాంట్రాక్టరు ఇల్లు ఈ దారిలో లేనట్టుందే," అన్నారు.

ఊపిరి బిగబట్టి, ఏమీ జరగనట్టు, "ఉంటే ఇలా వేస్తాడా?" అన్నాను.

ఆయన నవ్వారు. ఇక ఆగలేదు. పాత స్టాండులో ఎవరు ఎవరి బ్యాటరీ కొట్టేశారో, పెళ్ళికి ఆలస్యమైన పెళ్ళికొడుకు వెనకసీట్లో ప్యాంటు మార్చుకోవడం, ఆ కంగారులో రెండు కాళ్ళూ ఒకే గొట్టంలో దూర్చడం. నవ్వుతూనే ఉన్నాను, లోపల మాత్రం భయం పట్టుకుంది. సగం రౌండు అయిపోయింది. ఆయనకేమో ఈ రౌండు పూర్తవ్వాలి. పూర్తయితే బండి ఆగుతుంది, బండి ఆగితే మాట ఆగుతుంది. దేవుడా, ఈ రోడ్డు ఇంకాస్త పొడుగు చెయ్యి అని మొక్కుకున్నాను. ఒక్క మలుపే మిగిలింది. ఆయన గొంతు మారింది.

"ఏమే."

"ఊఁ."

"నీ మొహం మర్చిపోతున్నానే."

నేను ఆయన వైపు తిరిగాను.

"రోడ్లన్నీ గుర్తున్నాయి. ఏ సందులో ఏ గుంత, ఏ స్పీడు బ్రేకరు ఎంత ఎత్తు, అన్నీ. నీ మొహమే రోజూ కాస్త కాస్త చెరిగిపోతోంది. పొద్దున లేచి గుర్తు తెచ్చుకుందామని చూస్తాను. ముక్కు వస్తే నవ్వు రాదు. ఇన్నేళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు చూశాను. నిన్ను చూడాల్సింది."

"ఇందుకా ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకున్నారు?"

"నిన్ను మర్చిపోతున్నానని నీతో ఎలా చెప్పనే?"

ఆయన స్టీరింగ్ మీంచి ఒక చెయ్యి తీసి నా వైపు చాపారు. గాల్లో వెతుకుతోంది ఆ చెయ్యి.

"ఏమండీ, చివరి మలుపు! చెయ్యి తియ్యకండి!"

"పోనీలే," అన్నారు.

రెండో చెయ్యి కూడా వచ్చింది. స్టీరింగ్ ఒక్కసారి గుంజుకుంది, గడ్డిలో దడదడలాడింది, పెద్ద చప్పుడుతో బండి గోడని కొట్టుకుంది. "అయ్యో బావా, ఒక్క మలుపు!" అని వెనకనుంచి తమ్ముడు మొత్తుకున్నాడు. ఆయన అటు తల కూడా తిప్పలేదు. వేళ్ళతో నా నుదురు తడుముతున్నారు, నెమ్మదిగా, కొత్త ఊళ్ళో వీధి వెతుక్కుంటున్నట్టు.

"ఈ మడత ఎప్పుడొచ్చింది?"

"మీరు మాట్లాడ్డం మానేశాక."

వేళ్ళు కిందకి దిగి, ముక్కు దూలం మీద ఆగిపోయాయి.

"కళ్ళజోడు పెట్టుకున్నావా? ఎప్పట్నుంచి? నాకు చెప్పలేదేం?"

"మీరడిగారా?"

ఇంజను ఆగిపోయింది. ఆయన చేతులు రెండూ నా చెంపల మీద ఉన్నాయి.

"ఫ్రేము ఏ రంగు?" అన్నారు.

"నల్లది."

"గుండ్రంగా ఉందా? నీకు బాగుంటుందా? జుట్టేం చేశావు, తెల్లబడిందా? రంగేస్తున్నావా? అన్నీ చెప్పు," అన్నారు. ఏడుస్తూనే చెప్పడం మొదలుపెట్టాను. నేను ఆగిన చోటల్లా, "ఇంకా?" అంటున్నారు.