పసుపు పెట్టిన చొక్కా

మణికంఠది అంబాజీపేట, కొబ్బరి కొట్లో పని. చొక్కా అంటే ఇద్దరు దూరేంత వదులుండాలి, భుజాలు మోచేతులకాడికి జారాలి, అదే ఫ్యాషనంట, ఏం సోకో. ఖరీదైనవి ఆన్‌లైన్లో తెప్పించి, ధర చీటీ తెంపకుండా లోపలికి దోపి, కాలవగట్టున ఫొటోలు దిగి, చెమట వాసన చూసుకుని తిప్పి పంపేసేవోడు. డబ్బులు మళ్ళీ వచ్చేసేవి. మొన్న చెల్లి ఫీజుకని దాచిన ఆరువేలూ పోసి ఒకటి తెప్పించేడు. స్నానం చేసొచ్చేసరికి తల్లి సూర్యకుమారి దాని కాలరుకి పసుపు పెట్టేసింది.

"ఏంటమ్మా ఇది?"

"కొత్తబట్టరా. పసుపెట్టకుండా తొడుక్కుంటారేంటి?"

మరకుంటే కంపెనీవోళ్ళు వెనక్కి తీసుకోరు. సబ్బెట్టి రుద్దేడు. పసుపు కాస్తా ఎర్రగా మారింది. తల్లి నవ్వింది. "ఎందుకురా అంత కంగారు? సోమవారం చెల్లి కాలేజీకి ఇదే తొడుక్కెళ్ళు. ఫీజు కట్టేవోడు దర్జాగా ఉండాలి."

వాడు చొక్కా పిండుతానే ఉన్నాడు, చుక్క నీరు రాకపోయినా.