సనియ్యా మీది కేసు కొట్టేసిన రోజు

దమన్‌హూర్ పట్టణంలో మా వీధి పెళ్లిళ్లన్నిటికీ సనియ్యాయే డోలు వాయించేది. భర్త పోయాక ఆ డోలు మీదే కూతుళ్లను పెంచింది. ఆమె నవ్వితే మేడ మీది పావురాలు లేచేవి. అలాంటి మనిషి మీద దొంగతనం కేసు పడింది.

ఒక పెళ్లిలో పెళ్లికూతురు ఇబ్తిసామ్ బంగారు హారం మాయమైంది. సనియ్యా తీస్తుండగా కళ్లారా చూశానని పెళ్లికొడుకు మేనత్త తఫీదా పోలీసులకు చెప్పింది. ఇక సనియ్యాను పెళ్లికి పిలిచినవాళ్లు లేరు. బఠానీలు ఒలిచి అమ్ముకుంటూ కాలం గడిపింది.

విచారణ రోజున వీధిలో సగంమందిమి కోర్టులోనే ఉన్నాం. సనియ్యా ఇనుప చువ్వల బోనులో నిలబడింది. ఆమె వకీలు ఫిక్రీ లేచి తఫీదాను అడిగాడు.

"హారం తీసి ఎక్కడ పెట్టిందమ్మా?"

"డోలులో వేసింది."

"పోలీసులకు చేతిసంచిలో అని చెప్పారే?"

"ముందు సంచిలో, తర్వాత డోలులో."

"అప్పుడు మీరెక్కడున్నారు?"

"వంటింట్లో బాతులు వేయిస్తున్నా."

"అక్కడికి పెళ్లికూతురి గది కనబడుతుందా?"

"కనబడకపోతే ఏం? దాని సంగతి నాకు తెలీదా!"

కోర్టంతా గొల్లుమంది.

తర్వాత పోలీసు అధికారి వచ్చాడు. సనియ్యా ఎదుటే ఆమె ఇల్లు సోదా చేస్తే హారం ముక్క దొరికిందన్నాడు. ఫిక్రీ గుచ్చి గుచ్చి అడిగేసరికి, ఆ వేళకు ఆమె స్టేషన్లోనే ఉందని తనే ఒప్పుకున్నాడు. ఆ ముక్క ఏదంటే, కనబడటం లేదన్నాడు.

"ఒకరి మాటకూ ఒకరి మాటకూ పొంతన లేదు. ఈ సాక్ష్యం నమ్మి ఎవరినీ శిక్షించలేం. ఈమె నిర్దోషి" అన్నాడు జడ్జి.

సనియ్యాకు అర్థం కాలేదు. "అంటే ఏంటయ్యా?"

"ఇంటికి పోవచ్చమ్మా" అన్నాడు ఫిక్రీ.

అంతే! ఆడవాళ్లంతా నాలుకలాడిస్తూ, పెళ్లిళ్లలో వేసే సంతోషపు కూతలు మొదలుపెట్టారు. జవాన్లు అరిచినా ఎవరికీ వినబడలేదు. బయట చెరుకురసం బండివాడు మాకందరికీ గ్లాసులు నింపాడు.

అయినా వీధిలో మంగలి జకీ ఊరుకోలేదు. "సాక్ష్యం నిలవలేదు కాబట్టి వదిలారు. తీయలేదని ఎవరన్నారు?" అన్నాడు. ఆ మాట సనియ్యాను ముల్లులా గుచ్చింది. హారం ఏమైందో మాకు నేటికీ తెలియదు.

ఆ నెలలోనే ఇబ్తిసామ్‌కు ఆడపిల్ల పుట్టింది. పురిటి నీరసంతోనే సనియ్యా గుమ్మంలోకి వచ్చింది.

"పిన్నీ, పాప ఏడోరోజు వేడుకకు నువ్వే వాయించాలి."

"మీ ఇంటికా? మళ్లీ ఏదైనా పోతేనో?"

"నువ్వు తీయలేదని నాకు మొదట్నుంచీ తెలుసు. కొత్తకోడల్ని, నోరెత్తలేకపోయాను."

బోనులో కూడా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

ఏడోరోజున ఆచారం ప్రకారం పాపను జల్లెడలో పడుకోబెట్టి ఊపుతున్నారు. తఫీదా మూలన ముడుచుకు కూర్చుంది. సనియ్యా నేరుగా ఆమె దగ్గరకు వెళ్లింది.

"నాకలా అనిపించిందే..." అని నసిగింది తఫీదా.

"అనిపిస్తే నన్నడగాలి గానీ, బోనెక్కిస్తావా? లే, చప్పట్లు కొట్టు. గట్టిగా కొట్టు!"

తఫీదా తాళం తప్పుతూనే కొట్టింది. సనియ్యా ఆమెను వెక్కిరిస్తూ వాయించింది. పాప మాత్రం ఆ హోరులో హాయిగా నిద్రపోయింది.