రాహుకాలంలో నాయన సంతకం

మా నాయన మార్కాపురంలో పలకల వ్యాపారం చేసినంత కాలం రాహుకాలంలో గల్లాపెట్టె మూత తీయలేదు. లారీ వచ్చి దుకాణం ముందు నిలబడినా సరే, ఆ గడియ దాటితే గాని ఒక్క పలక దించనిచ్చేవాడు కాదు. వీధిలో ఎవరు ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు మా అరుగు దగ్గరికి వచ్చి ఆయన్ను అడిగి పోయేవాళ్లు. పంచాంగం ఆయనకు నోటికి వచ్చు. అంతటి మనిషికి మతిమరుపు జబ్బు పట్టుకుంది.

ఒంగోలు డాక్టరు ఒక్క మంచి మాట చెప్పాడు. పొద్దున పూట మనసు తేటగానే ఉంటుందట, మధ్యాహ్నం నుంచే మసకబారుతుందట. ఆ తేట కూడా పోనుపోను తగ్గుతుందన్నాడు. మా వకీలు ఆ మాట వినగానే అందుకున్నాడు.

"ఇల్లూ దుకాణమూ రెండూ పెద్దాయన పేరునే ఉండాయి. తెలివి ఉన్నప్పుడే ఇల్లు మీ అమ్మకు రాసియ్యాల. దుకాణం బాడుగ ఆయన వైద్యానికీ, వాళ్లిద్దరి తిండికీ పోయేటట్టు దస్తావేజులో పెడతాం. పవర్ ఆఫ్ అటార్నీ ఇప్పించుకుంటే చాల్లే అనుకోవద్దమ్మా, మతి పోయినాక దాన్ని నమ్ముకోలేం. ఆలస్యమైతే కోర్టు చుట్టూ తిరగాల్సిందే."

అమ్మ పేరున పిడికెడు మన్ను కూడా లేదు. రేపు ఆయన్ను ఏళ్ల తరబడి చూసుకోవలసింది ఆమే.

ఇక మావాళ్లు చేసిన ఘనకార్యం వినండి. గిద్దలూరులో ఉండే అన్నా, అమ్మా కలిసి రిజిస్ట్రేషనుకు ముహూర్తం పెట్టించారు. ఎప్పుడు? భోజనాలయ్యాక, మిట్టమధ్యాహ్నం దాటాక! నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"ముహూర్తం కాగితానికా, మనిషికా?" అని అరిచాను.

"తిక్క మాటలు మాట్లాడొద్దు. నాయనే ఉంటే ఇట్లనే పెట్టిచ్చేవాడు" అన్నాడు అన్న. నాయన ఆ పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు!

అనుకున్నంతా అయింది. కొత్త పంచె కట్టించి తీసుకుపోతే, రిజిస్ట్రారు "ఏం పని మీద వచ్చారు పెద్దాయనా?" అని అడిగారు. నాయన బిత్తరచూపులు చూసి "పలకల లోడు వచ్చిందా?" అన్నాడు. ఆ అధికారి మంచివారే. దస్తావేజు మెల్లగా వెనక్కి తోసి "ఇంకోరోజు తీసుకురండమ్మా" అన్నారు. అన్న మళ్లీ ముహూర్తం చూపిస్తానని చెప్పి బస్సెక్కాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ తర్వాత ఒక శుక్రవారం పొద్దున అమ్మావాళ్లింటికి వెళ్లాను. నాయన అరుగు మీద ఉన్నాడు. నన్ను చూడగానే "ఏమ్మా, అల్లుడికి జొరం తగ్గిందా?" అన్నాడు. జ్వరం సంగతి నేను చెప్పింది ముందురోజే! ఒక్క అంగలో వంటింట్లోకి పోయి అమ్మ చేతిలో గరిటె లాక్కున్నాను.

"చీర మార్చుకో. రిజిస్ట్రారాఫీసుకు పోదాం."

"ఓయమ్మో! ఇయ్యాల అమావాస్యనే! ఆఫీసు తెరిచేసరికి రాహుకాలం గూడా!"

"అందుకే ఖాళీగా ఉంటాది. లెయ్!"

ఫోన్ చేస్తే వకీలు నాకంటే హుషారుగా ఉన్నాడు. అమావాస్య పుణ్యమా అని స్లాట్లన్నీ అట్లాగే పడి ఉన్నాయట. సాక్షులను తానే తెస్తానన్నాడు. అన్నకు చెబితే "నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అన్నాడు. "పట్టింది" అని ఫోన్ పెట్టేశాను. ఆటోలో గతుకు వచ్చినప్పుడల్లా నిండు చెంబు తొణుకుతుందేమో అన్నట్టు నాయన చేయి గట్టిగా పట్టుకున్నాను.

ఆఫీసులో ఈగలు తోలుకుంటున్నారు. నేరుగా లోపలికి పిలిచారు.

"పెద్దాయనా, ఈరోజు ఏ రోజో తెలుసా?" అని అడిగారు రిజిస్ట్రారు.

"శుక్రవారం. అమావాస్య. పన్నెండు దాకా రాహుకాలం" అన్నాడు నాయన ఠక్కున. "ఇట్లాంటి పూట ఎవడన్నా సంతకం పెడతాడా సార్? నా కూతురికి బుద్ధి లేదు. మీకన్నా ఉండొద్దా?"

రిజిస్ట్రారు పడీపడీ నవ్వారు. "ఈయన తెలివికి ఏం తక్కువమ్మా! సరే, ఏం రాసిస్తున్నారో చెప్పండి."

"ఇల్లు నా భార్యకు. దుకాణం బాడుగ నా మందులకూ, మా ఇద్దరి కూటికీ. దాంట్లో తేడా ఏం లేదు. సంతకం మాత్రం రాహుకాలం పోయినాకనే." అని చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

నా ప్రాణం ఉసూరుమంది. పన్నెండు దాటిందంటే మళ్లీ పలకల లోడే! బతిమాలాను, కోప్పడ్డాను. వకీలు నచ్చజెప్పాడు. ఊహూ.

అప్పుడు అమ్మ లేచింది. నాయన మాటకు ఆమె ఎదురు చెప్పగా నేను ఎన్నడూ వినలేదు.

"నిన్న సాయంత్రం నన్ను ఏమడిగినారో తెలుసునా మీకు? 'అక్కా, మా ఇంటామె యాడికి పోయింది, కనపళ్లేదు' అని అడిగినారు. నన్నే! పన్నెండు దాటినాక నేనెవరో మీకు తెలుస్తాదో లేదో. నేనెవరో తెలిసిన పూటే నాకు మంచి పూట. పెట్టండి."

నాయన కట్టుకున్న చేతులు విప్పి ఆమె వైపు తిరిగాడు.

"నిన్నేనా అడిగింది?"

"నన్నే."

"ఏడిసినావా?"

"ఏడవకుండా ఎట్లుంటా?"

నాయన వకీలు వైపు చేయి చాచాడు. "పెన్నియ్యి."

పేజీ పేజీకీ పెట్టాడు, రాహుకాలంలో, అమావాస్య నాడు! వేలిముద్ర వేశాడు, ఫొటోకు తల ఎత్తాడు. నేను ఆఫీసని కూడా చూడకుండా చప్పట్లు కొట్టేశాను. అమ్మ నన్ను గిల్లింది. గిల్లితే గిల్లింది! ఆ సంతోషంలో ఆటో మిఠాయి కొట్టు దగ్గర ఆపించి, ఆటో అతనికి కూడా మైసూరుపాకు పెట్టాను.

భోంచేసి నాయన కునుకు తీశాడు. లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, ఈ ఇల్లు ఎవరిది? చానాసేపు పండుకున్యా. ఇంటివాళ్లు ఏమన్నా అనుకుంటారేమో, పోయొస్తా" అన్నాడు.

అమ్మ స్టవ్ తగ్గించి, ఆయన చేతిలోంచి చెప్పులు తీసుకుంది.

"ఇల్లు నాదే. ఎవరూ ఏమీ అనుకోరు. కూర్చోండి, కాఫీ ఇస్తా" అంది.