పోటు నీళ్లకు టెంకాయ

ఊరంతా అప్పుడే పాకిపోయిందంట గదా! సరే, ఆ నోటా ఈ నోటా వినేకంటే నా నోటనే వినండి. ఔనప్పా, ఎదురొచ్చిన నీళ్లకు టెంకాయ కొట్టి, హారతిచ్చి, నిలువునా మహబూబు వ్యాన్‌ను ముంచింది నేనే. నవ్వుకోండి. కానీ అంతకంటే పెద్ద అవమానం ఇంకొకటి ఉంది. అది మీకింకా తెలిసినట్టు లేదు. టీ తాగుతూ వినండి, నిదానంగా చెప్తాను.

దీనికంతా మొదలు మా అక్క ఓబులమ్మ. అమ్మ పోయేటప్పటికి నాకు నాలుగేండ్లు, అక్కకు పద్నాలుగు. నన్ను పెంచింది ఆమే. పెండ్లయిన మూడేండ్లకు బావ పోతే మళ్లీ మా ఇంటికే వచ్చింది. వచ్చిన దినం నుంచి మొన్నమొన్నటిదాకా పొద్దునొకసారి, సాయంత్రమొకసారి రెండు మైళ్లు నడిచి, పెన్నేటి ఇసకలో చెలమ తోడి కడవలతో నీళ్లు మోసింది. ఆ నీళ్లతోనే నేను పెరిగాను, నా బిడ్డలు పెరిగారు.

ఈమధ్య గడప తట్టుకుంటూ ఉంటే కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు దీపం పెట్టి చూసి, నన్ను పక్కకు పిలిచి, "నీటికాసులు. ఎడమ కన్ను అయిపోయింది. కుడిది ఈ చలికాలం దాటదు" అన్నాడు. అప్పటికే ఆమెకు మంచి ఎండలో తప్ప ఏమీ కనిపించడం లేదు. నీడలోకి వస్తే చీకటే.

నేను వరండాలో గోడవైపు తిరిగి నిలబడ్డాను. అక్క వచ్చి నా భుజం తడుముకుని పట్టుకుంది.

"ఏడ్చింది సాల్లేరా సుబ్బా. ఇవి పోయేలోగా నాకొకటి చూపీ."

"ఏం చూడాలక్కా?"

"సముద్రం. ఇన్నేండ్లూ నీళ్లు కడవతో కొలుచుకోని బతికినా. తరగని నీళ్లు ఎట్లుంటాయో ఒకతూరి చూడాల."

ఆ మాటకు నేను ఏమని కాదంటాను?

మా ఊరి మహబూబు దగ్గర ఒక వ్యాన్ ఉంది. యుద్ధం అయిపోయినాక మిలిటరీవాళ్లు అమ్మేసిన పాత ఆంబులెన్సు. దాంట్లో రెండు నవారు మంచాలు, ఒక కిరసనాయిలు స్టవ్వు, నీళ్ల పీపా, కిటికీలకు పాత చీరల తెరలు పెట్టుకున్నాడు. అందులోనే పండుకోవచ్చు, అందులోనే వండుకోవచ్చు. మంత్రాలయానికీ, తిరపతికీ జనాలను తిప్పుతుంటాడు. పిల్లకాయలు దాన్ని ఇల్లుబండి అంటారు. సత్రంలో దిగితే అక్కకు దిక్కు తెలియదు, తడబడుతుంది. అందుకే ఇల్లుబండిలోనే పోదామనుకున్నాం. ఒక్క పూటలో ఆ వ్యాన్‌లో ఏ మేకుకు ఏముందో అంతా చేత్తోనే నేర్చుకుంది మా అక్క. చెంబు కోసం నేను వెతుకుతుంటే, "నీ ఎనకాలే ఉండాది, కండ్లుండి ఏం లాభం?" అని ఆమే తీసిచ్చేది.

దసరా వెళ్లిన నాలుగో రోజు బయలుదేరాం. మైదుకూరు దాటి, బద్వేలు దాటి, నెల్లూరు దాటి, ఒకచోట పండుకుని, తెల్లారుతుండగా సముద్రపు ఒడ్డు పల్లెల దగ్గరికి చేరాం. సముద్రం ఒడ్డుకు నేరుగా బాట లేదు. ఎదురుగా ఎండిన ఏరులాగా ఒక ఫర్లాంగు వెడల్పున తెల్లటి ఇసక, దానికి అవతల తాటిచెట్లు, సరుగుడు చెట్లు ఉన్న ఎత్తైన దిబ్బ. ఆ దిబ్బ వెనకాల హోరు వినిపిస్తోంది. అక్క వ్యాన్ ఆపమని చెయ్యెత్తింది. ఊపిరి బిగబట్టి విన్నది.

"అదేనేమిరా?"

"అదే అక్కా. ఈ ఏరు దాటి దిబ్బెక్కితే సముద్రమే."

మహబూబు ఇసకను చూసి కొంచెం వెనకాడాడు. "అన్నా, దీంట్లోకి దించొచ్చా? ఈడ ఎవురినన్నా అడుగుదామా?"

అప్పుడు చూడాల్సింది నా ధీమా! మీకు తెలుసు గదా, మన చుట్టుపక్కల ఎవరు బాయి తవ్వినా, ఏట్లో చెలమ తీసినా నన్నే పిలుస్తారు. ఇసక గురించి నాకొకడు చెప్పేదేంది? దిగి కాలితో రెండుసార్లు తొక్కాను. గట్టిగా ఉంది.

"పెన్నేట్లో ఎడ్లబండ్లు తోలి తోలి నా నడుము అరిగిపోయిందప్పా. ఎండిన ఏరు ఏడైనా ఎండిన ఏరే. దింపు!"

సగం దూరం పోయినాక అక్కే ఆపమంది. "ఇంకా పొద్దు పైకి రాలేదు. ఇప్పుడు పోయినా నాకేం కనబడదు. మంచి ఎండ రానీ. ఈడనే నీళ్లు పోసుకోని, ఇంత తిని పోదాం." చల్లటి గాలి, ముల్లు లేని ఇసక. ఇంతకంటే మంచి తావు యాడ దొరుకుతుంది? మహబూబు పీపా తట్టి చూసి, నీళ్లు అడుక్కొచ్చినాయి, పల్లెకు పోయి తెస్తానన్నాడు.

"ఏట్లో నిలబడి నీళ్లకు ఊర్లోకి పోతావా? నవ్వుతారు. పండుకో. చెలమ తీస్తా."

వాడు చాలా దూరం తోలి వచ్చాడు పాపం, మంచం మీద వాలిన మరుక్షణం గురక పెట్టాడు. నేను పార తీసుకుని దిగాను. మూరెడు కూడా తవ్వలేదు, నీళ్లు! మన దగ్గర నిలువెత్తు గుంత తీస్తే గాని చెమ్మ తగలదు. నాకు ఒళ్లంతా పొంగిపోయింది. దోసిట్లో తీసుకుని నోట్లో పోసుకున్నాను. ఉప్పు! కొత్త చెలమ కదా, తోడి పారబోస్తే తేటబడుతుందిలే అనుకున్నాను. చెంబుతో ఒక యాభైసార్లు తోడాను. ఉప్పు పోలేదు. కానీ ఎంత తోడినా గుంత నిండుతూనే ఉంది, పైగా అంచు దాకా వస్తోంది.

"అక్కా, ఏం ఊటక్కా ఇది! నా జన్మలో ఇంత ఊట చూడలేదు!" అని అరిచాను. నిజంగా గర్వంగానే అరిచాను.

అక్క వ్యాన్ మెట్టు మీద కాళ్లు కిందికి వేసుకుని కూర్చుంది. "సుబ్బా, నా కాళ్లకు సల్లగా ఏమో తగులుతాండాది."

తలెత్తి చూశాను. ఇసక మీద పలచగా, నురగతో, నీళ్లు వస్తున్నాయి. దూరంగా వంపు దగ్గర ఇంకా వస్తున్నాయి.

మీరే చెప్పండి. మన ఏటికి మొదటి నీళ్లు వస్తే ఏం చేస్తాం? ఊరంతా పరిగెత్తుకుని పోతాం. ఆడవాళ్లు పసుపు కుంకుమ వేస్తారు, గాజులు వేస్తారు, టెంకాయ కొడతాం. నీళ్లకు ఎదురుపోయే వాళ్లమే గాని, నీళ్లు చూసి వెనక్కి పోయిన మనిషి మన సీమలో పుట్టాడా? మన ఏరు పారి మూడేండ్లయింది. నాకు కండ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏరొస్తాండాదక్కా! మనం వచ్చినపొద్దే ఏరొస్తాండాది!"

"నిజంగానేనా?" అక్క చటుక్కున లేచింది. ఆమె ముఖం వెలిగిపోయింది. "ఊరికే నిలబడినావేమిరా? పసుపు తీ! గంగమ్మ ఎదురొస్తే వట్టి చేతుల్తో నిలబడతారా?"

పసుపు కుంకుమ డబ్బా తెచ్చిచ్చాను. అక్క నీళ్లలో దిగి, వంగి, చేత్తో తాకి వేసింది. నేను వ్యాన్ ముందరి ఇనుప కమ్మీ మీద టెంకాయ కొట్టాను. తమలపాకు మీద కర్పూరం వెలిగించి నీళ్లలో వదిలాను. అది ముందుకు పోవాల్సింది పోయి, గిర్రున తిరిగి నా మోకాళ్ల దగ్గరికే వచ్చింది. అప్పుడొక చిన్న అనుమానం వచ్చింది. ఏరన్నది సముద్రంలోకి పోవాల గదా, ఇదేంది సముద్రం పక్క నుంచి వస్తోంది? సరేలే, ఊరు గాని ఊర్లో ఏర్లు ఎట్ల పారతాయో మనకేం తెలుసు అని మళ్లీ దండం పెట్టాను.

అంతలో వ్యాన్ లోపలి నుంచి కేక. "అన్నా! నా చెప్పులు పోతాండాయి!"

మహబూబు దూకి, ఇంజన్ స్టార్ట్ చేసి, గేరు వేశాడు. చక్రాలు తిరిగాయి. ఎంత తిరిగితే అంత దిగాయి. ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నీళ్లు వ్యాన్ లోపలికి వచ్చాయి. అక్కను మంచం మీదికి ఎక్కించాను. ఉల్లిగడ్డలు, బియ్యం సంచి, నా పంచె, అన్నీ తేలుతున్నాయి.

ఒక దోనె మీద భార్యాభర్తలు వచ్చారు. చేపలు పట్టే పల్లెకారు చెంగయ్య, అతని భార్య రమణమ్మ. చెంగయ్య మా బండిని చూశాడు. బంపరు మీద టెంకాయ చిప్పను చూశాడు. నా నుదుటి మీద కుంకుమ చూశాడు.

"ఏందయ్యా ఇది? పోటెక్కే టయానికి పాయ మద్దెన బండి పెట్టుకోని పూజ చేస్తుండారా?"

"పోటంటే?"

అతను తెడ్డు పక్కన పెట్టాడు. "సముద్రం నీళ్లయ్యా. దినానికి రెండుసార్లు ఎక్కతాది, రెండుసార్లు దిగతాది."

"దినానికా? రెండుసార్లా?" నా గొంతు నాకే కీచుగా వినిపించింది. మాకు మూడేండ్లకొకసారి వస్తే పండగ చేసుకుంటామే! మొదట నాకు సిగ్గు కాదు, కోపం వచ్చింది. ఇంత అన్యాయం లోకంలో ఉందా అనిపించింది.

చెంగయ్య నిజం చెప్పేశాడు. ఈ నీళ్లు కాసేపట్లో దిగిపోతాయి. కానీ ఈ రోజు పున్నమి, రాత్రి పోటు ఇంకా పెద్దది. ఆలోగా తీయకపోతే బండి మీద ఆశ వదులుకోవలసిందే. అప్పటికే తూర్పున మబ్బు లేస్తోంది, మధ్యాహ్నానికి వాన.

మహబూబు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "అన్నా, ఇది పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు" అన్నాడు, అంతే.

బండి తీయాలంటే నేను కూడా పార పట్టాలి. మబ్బు కమ్మిందంటే అక్కకు ఇక ఏమీ కనిపించదు, రేపటికి ఎండ వస్తుందో రాదో, ఆమె కన్ను ఉంటుందో ఉండదో. రెండూ నా నెత్తి మీదే ఉన్నాయి, రెండూ నేను చేసిందే. నీళ్లలో నిలబడి ఒకసారి బండి వైపు, ఒకసారి దిబ్బ వైపు చూశాను.

అక్కే తేల్చింది. "నువ్వు చేసిన పనికి నువ్వు పార పట్టు. వాని అన్నం ముంచొద్దు. నన్ను ఆ తల్లి తీసకపోతాదిలే."

రమణమ్మ దోనె దగ్గరికి లాగి చెయ్యి చాచింది. "రా అక్కా, నా చెయ్యి పట్టుకో. ఎండ ఉండంగానే పోదాం." దోనె కదిలింది. అవతల దిబ్బ మీద వాళ్లిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఎక్కడం చూశాను. పైన ఒక్క క్షణం ఆగారు. తర్వాత అటువైపు దిగిపోయారు.

నీళ్లు దిగాయి. పల్లె నుంచి ఐదుగురు మనుషులు, రెండు జతల ఎడ్లు వచ్చాయి. చక్రాల కింద తాటిమట్టలు, దోనె పలకలు వేశాం. తవ్విన గుంత తవ్వినట్టే పూడిపోతోంది. దిబ్బ వెనకాల హోరు ఆగడం లేదు. మబ్బు పొద్దును కప్పినప్పుడల్లా నా పార ఆగిపోయేది, ఎండ వస్తే మళ్లీ ఆడేది. దేవుడా, ఇంకొక్క గడియ, ఇంకొక్క గడియ అని మొక్కుకుంటూ తవ్వాను.

వ్యాన్ ఒడ్డెక్కే సరికి మధ్యాహ్నం దాటింది, చినుకులు మొదలయ్యాయి. అక్క నడుము దాకా తడిసి, జుట్టు విడిపోయి, ఒంటి నిండా ఇసకతో వచ్చింది.

"కనబడిందా అక్కా?"

ఆమె నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "కనబడిందిరా" అంది. నేను ఏడ్చాను. వానలో ఎవరికీ తెలియలేదు.

వాన ముదిరితే ఆ బాటంతా బురదేనని చెంగయ్య తొందరపెట్టాడు. ఎడ్లతో మూడు మైళ్లు లాగించి కంకర రోడ్డు మీద పడ్డాం. ఉప్పునీళ్లు తాగిన ఇంజన్‌ను విప్పి, కడిగి, ఆరబెట్టడానికి రెండు రోజులు పట్టింది. రెండు రోజులూ ఒకటే వాన. మూడో రోజు ఇంటి దారి పట్టాం. అక్క ముఖంలో అంత నెమ్మది నేనెప్పుడూ చూడలేదు.

బద్వేలు దాటినాక అక్క ఉన్నట్టుండి అడిగింది. "ఔనురా సుబ్బా, నువ్వు చూసినావా?"

"ఏమక్కా?"

"సముద్రం."

మహబూబు బ్రేకు వేశాడు. నా వైపు చూశాడు. నేను వాని వైపు చూశాను. దిబ్బ ఇవతలే పార పట్టుకుని ఉన్నాను గదా, నేనెప్పుడు చూశాను? రెండు వందల మైళ్లు పోయి, సముద్రం నీళ్లు నోట్లో పోసుకుని, వాటికి హారతిచ్చి, వాటిలో మునిగి, సముద్రం చూడకుండా ఇంటికొస్తున్నాను!

నవ్వండి, నేనూ నవ్వాను. నాలుగు రోజులైంది, ఇప్పుడు అక్కకు ఎండ కూడా తెలియడం లేదు. సాయంత్రం అరుగు మీద కూర్చుని, "ఇంకా చెప్పక్కా, అవతలి ఒడ్డు కనబడనే లేదా? అల యాడ లేస్తాది? ఏం రంగు?" అని అడుగుతుంటాను. ఆమె విసుక్కోకుండా చెప్తుంది. మీరూ నన్నేమీ అడగొద్దండప్పా. సముద్రం ఎట్లుంటుందో తెలుసుకోవాలంటే మా ఇంటికి పోయి అక్కనడగండి. రెండు కండ్లూ ఉండి నేను చేస్తున్నది కూడా అదే.