రూబెన్ నాలుక

తెల్లారితే ఆరు గంటల బస్సుకు కర్నూలు పోవాలి. పోయే లోపల ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితం మీద రూబెన్ సంతకం పెట్టాలి. పెడితే నాలుక తీసేస్తారు. పెట్టకపోతే నాలుగు నెలలకు మనిషే ఉండడు. పెద్ద డాక్టరు ఈ మాట దాపరికం లేకుండా చెప్పి రెండు వారాలైంది. ఆ కాగితం మాత్రం ఇంట్లో బైబిలు కింద మడతపెట్టినట్టే ఉంది.

ఇంకొకడైతే ఈపాటికి పెట్టేసి ఉండును. ప్రాణం కంటే నాలుక ఎక్కువా అని ఊళ్లో వాళ్లు వాడి భార్య ఫెబాను నిలదీసి అడుగుతున్నారు. అడిగేవాళ్లకేం, వాళ్ల నాలుకలు వాళ్ల నోళ్లలో భద్రంగా ఉన్నాయి. రూబెన్ బతికిందే దాని మీద. ఆళ్లగడ్డలో శిల్పాల షెడ్లకు రాళ్లు మోసి నడుము పోగొట్టుకున్న ఏసయ్య కొడుకు వాడు. పదిహేనేళ్లకు నంద్యాలలో ఒక బిర్యానీ హోటల్లో గిన్నెలు తోమడానికి చేరాడు. ఒకరోజు తోమబోయే గరిట నాకి, "మాస్టరూ, ఈ జాజికాయ పాతది" అన్నాడు. మాస్టరు కొట్టబోయి, మసాలా డబ్బా మూత తీసి చూసుకుని, మరుసటి రోజు నుంచి వాణ్ణి పొయ్యి దగ్గరికి పిలిచాడు. అక్కణ్ణుంచి బొంబాయి, బొంబాయి నుంచి ఓడ. మూడు వేల మంది విహారానికి పోయే ఓడలో పదకొండేళ్లు వంట చేశాడు.

జర్క్ చికెన్ నేర్చుకున్నది ఆ ఓడలోనే. పక్క పొయ్యి దగ్గర విన్‌స్టన్ అని జమైకా మనిషి ఉండేవాడు. ఆదివారం ఆదివారం ఓడ పైఅంతస్తులో డ్రమ్మును నిలువునా సగానికి కోసి, నిప్పులు పోసి, వాళ్ల దేశపు మసాలా పట్టించిన కోడిని పొగలో కాల్చేవాడు. రూబెన్ నాలుగు ఆదివారాలు తిన్నాడు. ఐదో ఆదివారం అందులో ఉన్నవన్నీ వరసగా అప్పజెప్పాడు. విన్‌స్టన్ నవ్వి వాణ్ణి కౌగిలించుకున్నాడట. ఊరికి తిరిగొచ్చాక కూడా పెరట్లో సగం డ్రమ్ము పెట్టుకున్నాడు. పెళ్లిళ్లకు, చర్చి విందులకు వంట ఒప్పుకునేవాడు కానీ జర్క్ మాత్రం ఇంట్లో మనుషులకే చేసేవాడు. ఫెబాను ఆ డ్రమ్ము దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "నువ్వు పక్కకు పోమే, చెయ్యి పెట్టినావంటే చెడిపోతాది" అనేవాడు.

వాడి నోటికి ఇంకొక అలవాటు కూడా ఉండేది. పన్నెండు గంటలు పొయ్యి ముందు నిలబడాలి, నిద్ర రాకూడదు. అందుకని ఊరి నుంచి గుట్కా పొట్లాలు పెట్టె నిండా మోసుకుపోయేవాడు. ఆ పొట్లాన్ని ఏ దిక్కుమాలినవాడు కనిపెట్టాడో కానీ, వాడి చేతులు పడిపోను. నాలుక అంచున పుండు లేచినప్పుడు రూబెన్ ఏమన్నాడు? "వేడి షేర్వా నాకినా కదా, కాలింది. అదే తగ్గుతాదిలే" అన్నాడు. వంటవాడికి నాలుక కాలడం మామూలే. అలా మామూలే అనుకుంటూ ఎనిమిది నెలలు గడిపాడు. నంద్యాల డాక్టరు ముక్క తీసి పరీక్షకు పంపేసరికి ఆలస్యమైంది. కర్నూలులో ఆరు వారాలు కరెంటు పెట్టారు. రేడియేషన్‌ను మా వైపు కరెంటు అనే అంటారు. దానికీ పుండు లొంగలేదు.

మొన్న సాయంత్రం ఫెబా కాగితం తీసుకుని వాడి కాళ్ల దగ్గర కూర్చుంది. ఆమె వాడికి సొంత మేనమామ కూతురు. పన్నెండేళ్ల కాపురంలో ఎప్పుడూ వాడిని బతిమాలింది లేదు. ఆ రోజు బతిమాలింది.

"పెట్టు బావా. నాకు నువ్వు కావల్ల."

"నాలిక ల్యాకుండా వంటోడు ఎట్ల బతకాలమే?" అన్నాడు. మాట ముద్దగా వస్తోంది. మళ్లీ అన్నాడు. "ఒక్కసారి జర్క్ చేసి పెట్టు. తిని పెడతా."

దిండు కింద నుంచి ఓడనాటి చిన్న నోటుపుస్తకం తీసి ఇచ్చాడు. అందులో ఒక పేజీలో అన్నీ రాసి ఉన్నాయి. ఇంతకాలానికి ఆ డ్రమ్ము ఆమె చేతికొచ్చింది. ఎలాంటి రోజున వచ్చిందో చూడండి.

ప్రయాణానికి ముందురోజు ఇంట్లో ఉపవాస ప్రార్థన పెట్టుకున్నారు. ఆపరేషనుకు ముందు ఇంటిల్లిపాదీ ఉపవాసం ఉండి ప్రార్థించడం వాళ్ల సంఘంలో ఉన్నదే. కోడిని కాలుస్తానని ఫెబా అనేసరికి అత్త ఏసమ్మ మండిపడింది.

"వాని పానం కోసరం అందరం కడుపు మాడ్చుకోని కూచుంటే, పెరట్లో కోడిని కాలుస్తాండావా? ఏందిమే నీకు పట్టిన తిక్క?"

"అది తింటేనే సంతకం పెడ్తానంటాండాడు అత్తా. నేనేం జెయ్యాల?"

ఏసమ్మ పాస్టరు వైపు తిరిగింది. పాస్టరు సంజీవయ్యగారు మంచిమనిషి. అంతా విని, "రోగికి ఉపవాసం లేదమ్మా. నువ్వు చేసి పెట్టు. సాయంత్రం ప్రార్థన అయిందాకా నీ నాలిక మీద మాత్రం చుక్క నీళ్లు కూడా పడగూడదు" అన్నాడు. ఫెబా సరేనంది. ఆ రోజు ఆమె దేవునితో బేరమాడే స్థితిలో లేదు. చెప్పింది చెప్పినట్టు చేస్తే భర్త దక్కుతాడేమోనన్న ఆశ ఒక్కటే ఉంది.

పొద్దున్నే కోడి కాళ్లు, తొడలు కడిగి ఎముక దాకా గాట్లు పెట్టింది. నోటుపుస్తకం రోలు పక్కన తెరిచిపెట్టుకుంది. ఉల్లికాడలు, పచ్చిమిరపకాయలు, అల్లం, వెల్లుల్లి, దాల్చినచెక్క, జాజికాయ, బెల్లం, నిమ్మరసం. జమైకా మిరియాలు ఓడ నుంచి తెచ్చినవి సీసా అడుగున పిడికెడు ఉన్నాయి, అన్నీ వేసేసింది. వాళ్ల దేశపు ఆకు దొరక్కపోతే వామాకు వెయ్యమని రూబెనే పక్కన రాసుకున్నాడు. ఒక్క సోయా సాసే లేదు. ముందురోజు అంగడికి పోతే అయిపోయిందన్నారు. నంద్యాల నుంచి సరుకు బేస్తవారం వస్తుందట. నల్లరంగు కోసమే కదా అనుకుని ఫెబా చింతపండు పులుసులో బెల్లం ముదరబెట్టి పోసింది.

నూరిన ముద్దను అలవాటు కొద్దీ చూపుడువేలితో తీసి నోటి దాకా తెచ్చుకుంది. పెదవికి ఇంక తగులుతుందనగా పాస్టరు మాట గుర్తొచ్చింది. వేలిని చీర కొంగుకు తుడుచుకుని, మళ్లీ నీళ్లతో కడుక్కుంది. పుస్తకంలో ఉన్నదాని కంటే రవ్వంత ఎక్కువా వెయ్యలేదు, తక్కువా వెయ్యలేదు. ఇన్నేళ్లూ తిట్లు తిన్న మనిషి, ఈ ఒక్క రోజు మాట పడదలచుకోలేదు.

ముందింట్లో పాటలు, ప్రార్థనలు జరుగుతున్నాయి. పెరట్లో ఫెబా ఎండిన జామ కట్టెలు పేర్చి నిప్పు చేసింది. విన్‌స్టన్ దేశపు కట్టెకు దగ్గరి వాసన జామ కట్టెకే ఉంటుందని రూబెన్ ఊళ్లోని కట్టెలన్నీ కాల్చి చూసి తేల్చాడు. నిప్పులు బూడిద కట్టాక పచ్చి జామకొమ్మలు వేసి, జల్లెడ మీద ముక్కలు పరిచి, పైన రేకు మూసింది. మూతపక్కల నుంచి పొగ లేచింది. కొవ్వు కారి నిప్పుల మీద చుయ్యిమంటుంటే ఖాళీ కడుపు మెలిపెట్టింది. కళ్లమ్మట నీళ్లు కారాయి. పొగకని అనుకున్నవాళ్లు అనుకున్నారు.

మూడు గంటలప్పుడు రూబెన్ గోడ పట్టుకుని పెరట్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ముక్కుపుటాలు ఎగరేశాడు.

"రేకు తియ్యద్దు. ఇంగా పది నిమిసాలు."

"అట్లనే బావా."

"పొగ కరెట్టుగా వచ్చింది మే."

ఆ ఒక్క మాటకే ఫెబా ఎంత పొంగిపోయిందో! వాడు ఎవరి వంటనైనా మెచ్చుకోవడం ఆమె ఎన్నడూ వినలేదు. నెల రోజులుగా అన్నంలో వంక పెట్టడం మానేశాడు కానీ, అది జబ్బుతో వచ్చిన మెత్తదనం అనుకుంది.

తొడ ముక్క ఒకటి ఎముక నుంచి ఒలిచి, మెత్తగా పీచులు చేసి, చల్లార్చి పళ్లెంలో పెట్టి ఇచ్చింది. రూబెన్ చిటికెడు తీసుకుని నాలుక మీద పెట్టుకున్నాడు. కారం పుండుకు తగిలి ఒళ్లంతా కొయ్యబారిపోయింది. ఫెబా నీళ్లివ్వబోతే చేత్తో వద్దన్నాడు. కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు మూసుకునే ఉన్నాడు. ఇంకొంచెం తీసుకున్నాడు. మళ్లీ ఇంకొంచెం. గొంతు దిగడానికి ఒక్కో ముద్దకు ఒక్కో యుద్ధం చేశాడు. కళ్లు తెరిచేసరికి చెంపలు తడిగా ఉన్నాయి.

ఫెబా ముందుకు వంగింది.

"సరిపోయిందా?"

"సరిపోయింది" అన్నాడు. పళ్లెం పక్కన పెట్టి, "కాగితం తే" అన్నాడు.

ఆమె పరుగున పోయి తెచ్చింది. పళ్లెం పక్కనే, మోకాలి మీద అట్ట పెట్టుకుని, మూడు చోట్ల సంతకం పెట్టాడు. ముందింట్లోకి పోయి ఫెబా ఆ మాట చెప్పగానే ఏసమ్మ గట్టిగా ఏడ్చి దేవునికి స్తోత్రం చెప్పింది. ఫెబాకు కూడా ఆ గంటసేపు మనసు తేలికైంది. కోరుకున్న రుచి చూశాడు, ఆ తృప్తితో పెట్టాడు, ఇక బతుకుతాడు. ఇంతే అనుకుంది.

పొద్దు గూకాక చివరి ప్రార్థన చేసి పాస్టరు, సంఘం వాళ్లు మజ్జిగ తాగి వెళ్లిపోయారు. ఇంట్లో ముగ్గురే మిగిలారు. మిగిలిన ముక్కలను ఫెబా మంచం దగ్గరికే తెచ్చింది. అత్తకొకటి ఇచ్చి, తనొకటి తీసుకుని కొరికింది.

కారం మండింది. పులుపు, బెల్లం, పొగ అన్నీ తగిలాయి. ఉప్పు లేదు.

తక్కువ కావడం కాదు, అసలు లేదు. ఒక్క ఉప్పుకల్లు కూడా పడలేదు. ఆ వంటలో ఉప్పంతా సోయా సాసులోనే వస్తుందనీ, అందుకే నోటుపుస్తకంలో ఉప్పు అన్న మాటే రాసుకోలేదనీ ఆమెకు అప్పుడు తట్టింది. నోట్లో ముక్క అలాగే ఉండిపోయింది. గరిట నాకి పాత జాజికాయను పట్టుకున్నవాడు ఈ చప్పిడి ముక్కలో కళ్లు మూసుకుని అంతసేపు రుచి వెతికాడు. కరెంటు పెట్టినప్పుడే ఆ నాలుక చచ్చిపోయింది. నెల రోజులుగా వంక పెట్టకపోవడం మెత్తదనం కాదు. నాలుక నిజంగా చచ్చిందో లేదో తేల్చుకోవడానికే ఈ ఒక్క వంట అడిగాడు. తేలింది. పోగొట్టుకోవడానికి ఇంకేమీ లేదు కాబట్టి సంతకం పెట్టాడు.

ఏసమ్మ కూడా కొరికింది. ముఖం ముడిచి, "ఏందిమే, దీంట్లో ఉ..." అంది.

ఫెబా ఆమె మణికట్టు పట్టుకుంది. ఎముక నొప్పెట్టేలా పట్టుకుంది. ఏసమ్మ కోడలి ముఖం చూసింది, మంచం మీదున్న కొడుకును చూసింది. మాట మింగేసింది.

రూబెన్ వాళ్లిద్దరినే చూస్తున్నాడు. జీవితంలో వండిన ఏ వంటకూ ఎవరినీ అడగని ప్రశ్న అడిగాడు.

"ఎట్లుంది?"

"బాగుంది నాయనా" అంది ఏసమ్మ.

"ఉప్పూ కారం అన్నీ సరిపోయినాయి బావా" అంది ఫెబా.

రూబెన్ తలాడించి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అత్తాకోడళ్లు ఆ చప్పిడి ముక్కలను, వాడికి వినబడేలా నములుతూ, ఎముకల దాకా తిన్నారు.