చివరి పేజీలు లేని పుస్తకాల పెట్టె

వానాకాలంలో అనంతగిరి కొండ మీది మంచు వికారాబాదులోకి దిగేది. పొద్దున నేను లైబ్రరీ తలుపు తీస్తే నాకంటే ముందే అది లోపలికి వచ్చేది. బీరువాల అద్దాలు చెమర్చేవి. తాండూరు బండలు పరిచిన నేల చల్లగా, కొంచెం నీలంగా ఉండేది. నాదీ తాండూరే. పొద్దుటి రైల్లో వచ్చి సాయంత్రం రైల్లో పోయేవాణ్ని. చెప్పులు విడిచి ఆ బండల మీద నడుస్తుంటే ఇంకా ఇల్లు కదలలేదేమో అనిపించేది. ఇప్పుడు తలుచుకుంటే అక్కడ పని చేసిన ఏళ్లన్నీ కలిసి ఒకే పొద్దున అయిపోయాయి. ఆ పొద్దునలో ఎండ ఎంతకీ రాదు.

నిజాం రాజ్యం పోయి పదేళ్లు దాటిన కాలమది. అంతకుముందు నేను పట్నంలోని పెద్ద లైబ్రరీలో పని నేర్చుకున్నాను. అక్కడ పుస్తకాన్ని ఎంచడానికి ఒక గది, దానికి నంబరు వేయడానికి ఒక గది, కార్డు రాయడానికి ఒకటి, అట్ట కట్టడానికి ఇంకొకటి. ఇన్ని గదులు తిరిగితే గానీ పుస్తకం చదివేవాడి చేతికి చేరదు. అన్ని గదుల్లోనూ రిజిస్టర్లు. నాకు వాటి మీద మనసు పడిపోయింది. చదివేవాళ్ల మీద అంతగా పడలేదని ఒప్పుకోవాలి. వాళ్లు పేజీలు మడుస్తారు, వేలికి ఉమ్మి తడి చేసుకుంటారు.

వికారాబాదులో ఆ గదులన్నీ నేనొక్కణ్నే. నా మీద ఊరి కమిటీ, దాని మీద జిల్లా ఆఫీసు, దాని మీద సర్కారు. పుస్తకం కొనాలన్నా తీసేయాలన్నా కమిటీ తీర్మానం కావాలి. కమిటీకి పెద్ద ఒక వకీలు. ఊరంతా ఆయన్ని వకీల్ సాబ్ అనేది.

కొండ మీద క్షయరోగుల ఆసుపత్రి ఉండేది. అక్కడివాళ్లకు పుస్తకాలు పంపాలని ఎవరో అడిగారు. పంపొచ్చు, కానీ అక్కడికి పోయిన పుస్తకం తిరిగి రాకూడదని మా నియమం. అంటే మంచి పుస్తకం పంపితే పోగొట్టుకున్నట్టే. నేనొక ఉపాయం చెప్పాను. చిరిగిపోయి, తీసివేతల రిజిస్టరులోకి ఎక్కిన పుస్తకాలు మూలన పడి ఉన్నాయి, వాటినే పంపుదాం అన్నాను.

"దిమాగ్ అంటే గిట్లుండాలె," అన్నారు వకీల్ సాబ్.

పన్నెండు పుస్తకాలు పెట్టెలో సర్దాను. అట్ట ఊడిన పుస్తకానికి ముందు రాలిపోయేవి ఆఖరి పేజీలే. రిజిస్టరులో ఏడింటి ఎదురుగా "చివరి పేజీలు లేవు" అని గుండ్రటి అక్షరాలతో నేనే రాశాను. ఆ మాటకు అర్థమేమిటో మాత్రం ఆలోచించలేదు.

నెల తిరిగాక ఆసుపత్రి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. దాన్ని ముట్టుకోవడానికి భయపడి, అట్టముక్క మీదికి తీసుకుని కిటికీ గట్టున ఎండబెట్టాను. ఎండ ఎక్కడిది? రెండు రోజులు మంచులో నాని, సిరా అలుక్కుపోయి, ముందుకంటే అధ్వాన్నంగా తయారైంది. అప్పుడు చదివాను.

రాసినామె పరిగిలో చిన్నపిల్లల బడిలో పంతులమ్మ. మధ్యాహ్నాలు తను పైకి చదువుతుంటే ఆడవాళ్ల వార్డంతా పడుకుని వింటుందట. ఏడు కథలు మధ్యలో ఆగిపోయాయట. "పక్కమంచంలో బొంరాస్‌పేట దిక్కు ముసలమ్మ ఉంది. గొర్లు కాసేటోళ్ల ఇంటామె. ఏటికి పోయిన పిల్ల ఏమైందని రోజూ అడుగుతుంది. ఆమెకు ఒంట్లో మరీ బాగలేదు. ఆ ఒక్క కథ ముగింపు తెలిస్తే చాలు. దయచేసి పంపగలరు."

ఆ పుస్తకానిదే ఇంకొక ప్రతి, చక్కటిది, నా బీరువాలో ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఉత్తరాన్ని ఫైలులో పెట్టి, కమిటీ ముందుంచవలసిన విషయాల్లో చేర్చాను. ఆ రోజు అది నాకు తప్పుగా తోచలేదు. ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ సిగ్గుపడేది దానికే.

మొదటి సమావేశానికి వానకు ఎవరూ రాలేదు. రెండోదానికి వచ్చారు.

"మంచి కాపీ పంపుదమా?" అన్నారు వకీల్ సాబ్.

"పంపితే మళ్ల రాదు గద సాబ్," అన్నాను.

"మరి ముగింపు లేకుంటె కథ ఎట్ల సదువుతరయ్యా? పరేషాన్ అయితరు గద. పై ఆఫీసుకు రాద్దాం. ఆళ్లే చెప్తరు."

రాశాం. ఎన్ని పేజీలు లేవు, ఎందుకు లేవు, బాధ్యులెవరు అని జిల్లా ఆఫీసు అడిగింది. నేను మూడు రోజులు కూర్చుని ఎర్రసిరాతో గళ్లు గీసి పట్టిక తయారు చేశాను. అంత అందమైన పట్టిక మళ్లీ ఎన్నడూ గీయలేదు. కొండ నుంచి రెండో ఉత్తరం వచ్చింది. అందులో ఒకటే మాట. "ముసలమ్మ అడుగుతోంది." దాన్నీ ఫైలుకు జతచేశాను. బయట మంచు, లోపల మంచు, రైలు కూత ఎక్కడో దూరంగా. అంతా సవ్యంగా జరుగుతోందని నా నమ్మకం.

సీతాఫలాలు గంపల్లో బజారుకొచ్చే రోజుల్లో ఒకామె వరండా దాకా వచ్చి ఆగింది. గోడ మీద బోర్డుంది. అంటువ్యాధి ఉన్నవారు లోపలికి రాకూడదని దాని మీద రాయించింది నేనే. ఆమె దాన్ని మొత్తం చదివి, గడప దాటకుండా నిలబడింది.

"ఉత్తరాలు రాసింది నేనే సారు. నాకు నయమైంది, గిదిగో డాక్టరు కాయితం. పరిగికి పోతున్న. బస్సుకు ఇంక జర టైమున్నది."

"మీ సంగతి పై ఆఫీసుకు రాసినం అమ్మా. జవాబు ఇంక రాలే," అన్నాను. కొంచెం గొప్పగానే అన్నాను.

"జవాబా?" అంది ఆమె. "ముసలమ్మ పోయింది సారు. బతుకమ్మ పండుగైన నాలుగు దినాలకు."

నేను బీరువా దగ్గరికి నడిచాను. తొమ్మిది అడుగులు. పుస్తకం తెచ్చి, ఆమె చేతికివ్వకుండా వరండా బల్ల మీద పెట్టి వెనక్కి జరిగాను. అది ఆమె చూసింది. ఆఖరి రెండు పేజీలు తీసి నిలబడే చదివింది.

"ఏట్ల పడి సచ్చిపోయిందా? గంతేనా?"

"అంతే."

"మా ముసలమ్మ గిట్ల చెప్పలే." పుస్తకం మూసింది. "ఆఖరుకు అడుగుడు బంద్ చేసింది సారు. నీ లైబ్రరీ సారు పంపేటట్టు లేడు, నేనే చెప్త ఇనుండ్రి అన్నది. వార్డంత లేసి కూసున్నది. పిల్ల ఏటికి పోయిందంట. నీళ్లు సల్లగున్నయి, కడుపార తాగిందంట. కొంగు పిండుకుని ఇంటికొచ్చిందంట. ఆకలైతుందే అవ్వా, బువ్వ పెట్టు అన్నదంట. గంతే."

లోపలికి పోయి తీసివేతల రిజిస్టరు తెచ్చాను. ఆ పుస్తకం ఉన్న పేజీ తీసి ఆమె ముందు పెట్టాను. జేబులోంచి నా పెన్ను తీసి, బల్ల మీద పెట్టకుండా ఆమె చేతికిచ్చాను. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి.

"గీడ రాయాల్నా సారు? సర్కారు రిజిస్టరు గద."

"రాయండమ్మా. ముసలమ్మ చెప్పింది చెప్పినట్టు."

"చివరి పేజీలు లేవు" అన్న నా గుండ్రటి అక్షరాల కింద, పిల్లలకు పలక మీద రాసిచ్చినట్టు పెద్దగా, విడివిడిగా రాసింది. పెన్ను తుడిచి ఇవ్వబోయింది. తుడవొద్దని తీసుకున్నాను. బస్సు కోసం ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది. సాయంత్రం రైలెక్కే ముందు గోడమీది బోర్డు దించి బీరువా వెనక పెట్టాను. దానికి తీర్మానం లేదు.

చలి ముదిరాక జిల్లా ఆఫీసు జవాబు వచ్చింది. కథ ముగింపును ఎత్తి రాసి ఆసుపత్రికి పంపడానికి అనుమతి ఇచ్చారు. ముగింపు లేని ఆ కథను వార్డులోకి కొత్తగా వచ్చినవాళ్లు వింటూనే ఉంటారు. నేను బీరువా తెరవలేదు. రిజిస్టరు ముందు పెట్టుకుని, ముసలమ్మ చెప్పిన ముగింపే ఒక తెల్లకాగితం మీద ఎత్తి రాసి కొండకు పంపాను. నాలుగైదు వాక్యాలు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.